జీపులో కూర్చునే ఉద్యోగం

ఆ రోజుల్లో జన్నారంలో టైం గోడ మీది గడియారంలో ఉండేది కాదు, ఉట్నూరు జీపులో ఉండేది. జీపు నిండిందంటే పొద్దెక్కినట్టు. నిండకపోతే ఎండ నడినెత్తి మీద ఉన్నా ఇంకా తెల్లవారనట్టే. ఆస్పత్రికి పోయే చంటిపిల్ల తల్లి, బడికి పోయే పంతులు, ఆఫీసులో ఒక్క సంతకం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన రైతు, అందరి పనులూ ఆ జీపు నిండడం మీదే ఆధారపడి ఉండేవి. ఇప్పుడు అదే దారిలో నున్నటి రోడ్డు మీద కార్లలో పోతూ, అడవి బాగుందని మధ్యలో దిగి ఫోటోలు తీసుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోడ్డును నేను చూసినంత సేపు ఇంకెవరూ చూసి ఉండరు. కదలని జీపులో కూర్చుని చూశాను మరి. రవాణా బాగుంటే రాష్ట్రం బాగుపడుతుందని, పదిమందికి పని దొరుకుతుందని పెద్దలు మీటింగుల్లో చెబుతుంటారు. నిజమే, కాదనను. ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణి. కాకపోతే రవాణా రంగంలో నాకు దొరికిన పని, కదలకుండా కూర్చోవడం. ఈ సంగతి ఏ మీటింగులోనూ ఎవరూ ఎత్తలేదు కనుక (ఎత్తుతారని చాలా ఏళ్లు ఎదురుచూశాను), నేనే చెప్పుకుంటున్నాను.

మాది కరీంనగర్ జిల్లాలో మరమగ్గాల ఊరు. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటారు. మా నాన్న, మేం బాపు అంటాం, సాంచాల మీద పనిచేసేవాడు. రోజంతా ఆ చప్పుడులో ఉండి ఉండి ఆయన చెవులు మందగించాయి. మాట మాత్రం పెరిగింది. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధి చివర కుక్కలు లేచేవి. నేను డిగ్రీ పాసయ్యాక ఆయన ప్రతి చుట్టానికీ అదే గొంతుతో, "మావోడు డిగ్రీ పాసైండు, ఇంట్ల కూసున్నడు" అని చెప్పేవాడు. వీధంతా విని తల ఊపేది. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అలాంటి సమయంలో జన్నారం నుంచి మా అక్కను తీసుకుని బావ వచ్చాడు. బావకు ఒక జీపు ఉంది. జీపు ఉన్నవాడికి మా ఇళ్లలో కలెక్టరుకు ఇచ్చే మర్యాద ఇచ్చేవారు. కోడికూర తిని చేతులు తుడుచుకుంటూ బావ, "మామా, బామ్మర్దిని నా కాడికి పంపుండ్రి. జీపు మీద పని ఇస్త" అన్నాడు. బాపు ఎంత సంతోషించాడంటే, ఆ సంగతి ఆ సాయంత్రానికే పక్క వాడ వాళ్లకు కూడా తెలిసిపోయింది. నేను డ్రైవింగు నేర్చుకుంటానని, కొన్నాళ్లకు నాకూ ఒక జీపు ఉంటుందని అనుకుంటూ, ఉన్న ఒక్క తెల్ల చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకున్నాను. నన్ను ముంచింది ఆ చొక్కానే.

మొదటి రోజు పొద్దున్నే స్టాండుకు పోయి నేరుగా స్టీరింగు ముందు కూర్చున్నాను. బావ నవ్వాడు. "అటు గాదు బామ్మర్ది, ఇటు" అని పక్క సీటు చూపించాడు. సరే, మొదట చూసి నేర్చుకోవాలి కాబోలు అనుకుని జరిగాను.

"ఇగ గీడ కూసో."

"కూసొని?"

"కూసొని ఏం జేస్తరు? కూసుంటరు."

నాకు అర్థం కాలేదు. బావ ఓపికగా (ఆయన నా మీద చూపిన ఓపిక అదొక్కసారే) వివరించాడు. "ఖాళీ జీపు ఎవ్వలెక్కరు బామ్మర్ది. ఒక్కడు కూసుంటే ఇంకొకడు ఎక్కుతడు. ఇద్దరు కూసుంటే ఉరుక్కుంట అస్తరు. నువ్వు జూస్తె ఆఫీసుకు పొయ్యేటోని లెక్క కొడ్తవ్. కండ్లద్దాలు, తెల్లంగి, చేతిల సంచి. నీ అసోంటోడు ముంగట కూసున్నడంటె, గీ జీపు ఇప్పుడే కదుల్తదని జనం అనుకుంటరు. నిండంగనే నువ్వు దిగు. జీపు తిరిగచ్చినంక మళ్ళ కూసో."

"మరి నేను ఎప్పుడు పోవాలె?"

"యాడికి?"

"ఉట్నూరుకు."

బావ నన్ను జాలిగా చూశాడు. "నీకు ఉట్నూర్ల ఏం పని?"

ఆ 'యాడికి' అన్న మాటను నేను ఇవాళ్టికీ మరచిపోలేదు. చదువుకున్న మనిషిని, బామ్మర్దిని, వెయ్యి ఆశలతో వచ్చినవాణ్ణి, నడిబజారులో 'యాడికి' అన్నాడు.

అలా నా ఉద్యోగం మొదలైంది. కూర్చోవడం సులువని మీరనుకుంటారు. ఎండాకాలంలో ఇనుప జీపులో, సీటు కింద స్ప్రింగు ఎక్కడ గుచ్చుకుంటుందో తెలియకుండా, ఈగలు తోలుకుంటూ, ఎక్కడికీ పోని మనిషి ఎక్కడికో పోతున్నట్టు కూర్చుని చూడండి. ఊరికే కూర్చుంటే కుదరదు. మాటిమాటికీ చేతి గడియారం చూసుకోవాలి. తల బయటికి పెట్టి డ్రైవరు కోసం వెతకాలి. విసుక్కోవాలి. ఈ చివరిది మాత్రం బావ నాకు నేర్పలేదు. "నీకు పుట్టినప్పటి సంది లొల్లి వెట్టుడు అలవాటే గదా" అన్నాడు. "గదే లొల్లి జీపుల వెట్టు." కాబట్టి నేను కూర్చున్న చోటి నుంచే, "ఇంకెంతసేపయ్యా? ఆఫీసుకు టైమైతుంది! నేను దిగిపోత మరి!" అని గట్టిగా అనేవాణ్ణి. బయట నిలబడి ప్రయాణికులను పిలిచే మనిషి ఒకడుండేవాడు. వాణ్ణి అందరూ లౌడ్‌స్పీకర్ అనేవాళ్లు. వాడు వెంటనే, "అయిపాయె సారు, ఒక్క సీటే! ఉట్నూర్ చలో ఉట్నూర్! ఒక్కటే సీటు!" అని అందుకునేవాడు. అప్పటికి జీపులో నేనొక్కణ్ణే. తమాషా ఏమిటంటే నా విసుగులో ఒక్క అక్షరం నటన లేదు. నిజంగానే విసిగిపోయి ఉండేవాణ్ణి. నిజమైన గోడు చెప్పుకుంటే దాన్ని పని కింద జమ చేసుకున్నవాళ్లు మా బావ తప్ప ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

అయితే ఒకటి చెప్పాలి. కూర్చుని కూర్చుని నాకు ఆ స్టాండంతా కంఠస్థమైంది. పొద్దున జీపు కదిలితేనే చాయ్ కొట్టు పెద్దమ్మ రెండో గిన్నె పాలు పొయ్యి మీద పెట్టేది. జీపు కదిలితేనే పంక్చరు షాపు ముందు మనుషులు కనబడేవాళ్లు. జీపు పైన కట్టిన గంపల్లో ఇక్కడి కూరగాయలు ఉట్నూరు సంతకు పోయేవి, అక్కడి గూడేల నుంచి ఇప్పపూలు, చింతపండు, చీపుళ్లు ఇటు దిగేవి. వాటిని కొనే సేటు, తూచే మనిషి, మంచిర్యాల లారీకి ఎత్తే హమాలీలు, అందరూ జీపు చప్పుడు వినబడితేనే లేచేవాళ్లు. పొద్దుటి పూట ఒక్క ఎర్రబస్సు వచ్చేది. వచ్చిన రోజు వచ్చేది. మిగతా లోకమంతా జీపు మీదే. జీపేమో నిండితే గానీ కదలదు. నిండాలంటే నిండుతున్నట్టు కనబడాలి. అలా కనబడేది నేను. అంటే సేటు వ్యాపారం, హమాలీల కూలి, పెద్దమ్మ పాలగిన్నె, తిప్పి తిప్పి చూస్తే అంతా నేను కూర్చున్న ఆ చిరిగిన సీటు మీద నిలబడి ఉంది. ఒకసారి ఈ మాట బావకు చెప్పాను. ఆయన టైరును కాలితో తన్ని చూసుకుంటూ, "అయితె జర జరిగి కూసో, సీటు చినుగుతుంది" అన్నాడు.

జీతం సంగతి అడగకండి. జీపు నిండితే సగం చాయ్, మధ్యాహ్నం అక్క పంపే గిన్నె, రాత్రి అక్క ఇంట్లోనే పడక. చాయ్ ఎప్పుడూ సగమే. పెద్దమ్మను ఒకసారి నిలదీశాను. "నీ బావనే సగం పొయ్యమన్నడు కొడుకా. నిండ తాగితె నిద్రపోతవట" అంది. చాయ్ తాగితే నిద్ర పోతుంది గానీ వస్తుందా? అడగండి, ఏ డాక్టర్నైనా అడగండి.

అన్నిటికన్నా కష్టం దిగడం. జీపు కిక్కిరిసి, ఇంజను మొదలై, అందరి ముఖాల్లో వెలుగు వచ్చే సమయానికి లౌడ్‌స్పీకర్ వచ్చి, "సారు, జర దిగుండ్రి, ఎన్కొచ్చే బండ్ల రాండ్రి" అనేవాడు. బావ అయితే అంత కూడా అనడు. "దిగు" అంటాడు. నేను సంచి పట్టుకుని దిగేవాణ్ణి. నా చోట్లోకి ఇంకెవరో ఎక్కేవాళ్లు. జీపు దుమ్ము లేపుతూ పోయేది, ఆ దుమ్ము నా తెల్ల చొక్కా మీద వాలేది. మొదట్లో కొందరు జాలిపడేవాళ్లు. ఉట్నూరు సంతకు కూరగాయలు తీసుకుపోయే గంపవ్వ ఒకతె ఉండేది. "పాపం కొడుకు, పొద్దటి సంది కూసున్నడు, గాయన సీటే గుంజుకుంటిరి గదరా" అని బావను తిట్టి నా చేతిలో ఒక దోసకాయ పెట్టింది. ఆ దోసకాయ చేదుది. అయినా ఆ స్టాండులో నా తరఫున మాట్లాడింది ఆమె ఒక్కతే.

నెలలు గడిచాయి. జీపు నిండడం మెల్లమెల్లగా ఆలస్యమవుతోంది. ఎందుకో నాకూ తెలియలేదు, బావకూ తెలియలేదు. తప్పు నా మీదికే వచ్చింది. "ఈ నడుమ నీ మొకంల తొందర తగ్గింది బామ్మర్ది" అన్నాడు ఒకరోజు. "జర ఆఫీసుకు పొయ్యేటట్టు కూసో. నువ్వు ఆఫీసు నుంచి సస్పెండైనోని లెక్క కూసుంటున్నవ్." అసలు కారణం నాకు తెలిసిన రోజునే నా జీవితం తారుమారయ్యే పని కూడా పడింది.

ఉట్నూరులో బస్సు కండక్టర్ల కోసం ఇంటర్వ్యూ. ఎప్పుడో పెట్టిన దరఖాస్తుకు పిలుపు మా ఊరికి వచ్చింది. బాపు ఆ పూట పని మానుకుని, దాన్ని బనీను లోపల దాచుకుని జన్నారం దాకా వచ్చాడు. అక్క ఇంటి ముందు నిలబడి ఆయన నాకు చెప్పిన రహస్యం ఆ వీధంతా విన్నది. "బిడ్డా, గిది పోతె మళ్ళ సాంచాల కాడికే రావాలె. ఇంకో దారి లేదు. నా చెవులు జూడు. నీకు గీ చెవులు గావాల్నా?" ఆయన రెండు చెవులనూ పట్టుకుని చూపించాడు.  ఆ రాత్రి అక్క బావతో, "రేపు నా తమ్మున్ని సీదా ఉట్నూర్ల దించాలె, కూసుండవెట్టి దించుడు గాదు" అని గట్టిగా చెప్పింది. బావ, "ఫికర్ జెయ్యకు" అన్నాడు. బావ ఫికర్ చెయ్యొద్దన్నాడంటే నాకు ఫికర్ మొదలవుతుంది.

తెల్లవారింది. గంజి పెట్టిన అదే తెల్ల చొక్కా, అదే సంచి. కానీ సంచిలో ఈసారి సర్టిఫికెట్లు ఉన్నాయి. ఎర్రబస్సు దారిలో ఎక్కడో ఆగిపోయిందని కబురు వచ్చింది. ఇంక జీపే దిక్కు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. చాయ్ కొట్టు బల్ల మీద బాపు కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేను చేసే ఉద్యోగాన్ని ఆయన కళ్లారా చూడడం అదే మొదలు. లౌడ్‌స్పీకర్ గొంతెత్తాడు. సంత రోజు కావడంతో జనం బాగానే ఉన్నారు. వచ్చారు, జీపులోకి తొంగి చూశారు, నన్ను చూశారు, తిరిగి పోయి చాయ్ కొట్టు నీడలో కూర్చున్నారు. ఇంకొకరు వచ్చారు, చూశారు, పోయారు. బడికి పోయే లెక్కల సారు వచ్చి, నా ముఖం చూసి చిన్నగా నవ్వి, పేపరు విప్పుకుని కూర్చున్నాడు. పక్కనున్న కొత్త మనిషి ఎవరో, "ఎక్కరా సారూ?" అని అడిగాడు.

"ఇప్పుడే ఎందుకు?" అన్నాడు లెక్కల సారు. "గాయన కూసున్నడంటె జీపు ఇంక గంటకు గని కదలది. గాయన కూసునే సారు. గాయన దిగినంక ఎక్కాలె."

నాకు అప్పుడు తెలిసింది. నా పేరు 'కూసునే సారు' అని కూడా అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ ఊరంతా నన్ను చూసి ఎక్కుతోందనుకున్నాను. ఊరంతా నన్ను చూసే ఆగుతోంది. ఇంటర్వ్యూ టైము దగ్గర పడుతోంది. జీపు నిండదు, నేను కూర్చున్నాను కాబట్టి.

తల బయటికి పెట్టి అరిచాను. "ఎక్కుండ్రి! నాకు టైమైతుంది! ఇయ్యాల నేను నిజంగనే పోతున్న!"

స్టాండంతా నవ్వింది. గంపవ్వ కూడా నవ్వింది. "రోజు గట్లనే అంటవు గదా కొడుకా!"

"అవ్వా, ఒట్టు! ఇంటర్వ్యూ ఉన్నది!"

"ఇంటర్వ్యూ అనుడు కొత్తగున్నది" అని లెక్కల సారు మెచ్చుకున్నాడు. "మొన్నటిదాంక ఆఫీసే ఉండె."

బావ వాళ్ల దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాడు. "ఒట్టు సారు, మా బామ్మర్ది ఇయ్యాల సచ్చినా దిగడు, ఎక్కుండ్రి" అన్నాడు. "ఫస్టు నువ్వు గాయన్ని దించు, మేం ఎక్కుతం" అన్నారు వాళ్లు. ఖాళీ జీపు తోలమని నేను బావను బతిమాలాను. "ఖాళీ బండి ఘాట్ ఎక్కితె డీజిలు ఎవ్వల్ పోస్తరు? ఉట్నూరు సంతల గంపల కోసం జూస్తుంటరు" అన్నాడు. ఆయన ముఖానికీ చెమట పట్టింది. ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను. చాయ్ కొట్టు బల్ల మీద బాపు అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. నవ్వులు కనబడుతున్నాయి గానీ మాటలు అందడం లేదు. ఆ ఒక్క రోజు ఆయన చెవులు వినబడకపోవడం నాకు మేలుగా తోచింది. కాసేపటికి ఆయన లేచి వచ్చి, "ఏమైందిరా, ఎందుకు కదుల్తలేదు?" అని తన మామూలు గొంతుతో అడిగాడు. లౌడ్‌స్పీకర్ కూడా ఉలిక్కిపడ్డాడు.

బావ ఆయన చెవిలో నోరు పెట్టి అంతా చెప్పాడు. నా ఉద్యోగం ఏమిటో, జనం ఎందుకు ఎక్కడం లేదో. నేను తల దించుకుని స్ప్రింగు వైపు చూస్తున్నాను.  బాపు నా భుజం మీద చెయ్యి వేసి, "దిగు బిడ్డా" అన్నాడు.

ఆఖరికి ఆయన కూడా నన్ను దిగమన్నాడు! నేను దిగి, సంచి పట్టుకుని, చాయ్ కొట్టు వెనక్కి పోయి కట్టెల పక్కన నిలబడ్డాను. బాపు నా సీట్లో కూర్చున్నాడు. కొత్త ముఖం. ఆయన గడియారం చూడలేదు, ఆయనకు గడియారం లేదు. తల బయటికి పెట్టలేదు. ముందున్న రోడ్డు వైపు చూస్తూ, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, అంతే. కానీ ఆ ముఖంలో ఉన్న తొందరను నేను అన్ని నెలలు కూర్చున్నా తెచ్చుకోలేకపోయాను. కొడుకు బతుకు పోతోందన్న తొందర అది. ఒక్కసారి మాత్రం సాంచాల గొంతుతో, "ఇంకెంతసేపు అల్లుడా? టైమైతుంది!" అన్నాడు. లెక్కల సారు పేపరు మడిచాడు. గంపవ్వ గంప ఎత్తించుకుంది. "పెద్దమనిషి ఏదో అర్జంటు మీద ఉన్నడు, కదుల్తది" అనుకుంటూ ఒకరి వెనక ఒకరు ఎక్కారు. పైన గంపలు కట్టారు. వెనక ఇనుప మెట్టు మీద కూడా మనుషులు నిలబడ్డారు.

ఇంజను మొదలైంది. బావ ఆయన భుజం తట్టి, నేను అంతకు ముందెప్పుడూ వినని మెత్తటి గొంతుతో, "మామా, దిగుతవా?" అన్నాడు. బాపు దిగాడు. నేను కట్టెల వెనక నుంచి పరుగెత్తుకు వచ్చి ఆయన దిగిన చోట్లో పడ్డాను. "అరె, మళ్ళ గీనే!" అని లోపల గగ్గోలు లేచింది. కానీ అప్పటికే జీపు కదిలింది. తిరిగి చూస్తే బాపు దుమ్ములో నిలబడి ఉన్నాడు. చాయ్ కొట్టు పెద్దమ్మ ఆయన చేతికి కప్పు అందిస్తోంది. నిండు కప్పు! బావే పోయమని చెప్పాడట. నెలల తరబడి కూర్చున్న నాకు సగం, ఒక్కసారి కూర్చున్న ఆయనకు నిండు కప్పు. బాపు మీద కోపం లేదు. పద్ధతి గురించి అంటున్నాను.

ఘాట్ రోడ్డు మధ్యలో, అసలైన ఎత్తు దగ్గర, జీపు రొప్పి రొప్పి ఆగింది. "అందరు దిగి జర నూకుండ్రి" అన్నాడు బావ. అందరూ దిగారు. నేను దిగలేదు.

"సారూ, మీరు గూడ" అన్నాడు లెక్కల సారు.

"దిగను."

"అందరం దిగినం గదా?"

"మీరు దిగితె మళ్ళ ఎక్కుతరు. నేను దిగినంక ఎన్నడన్న ఎక్కిన్నా? జూసిండ్రు గదా రోజు!"

ఎంత చెప్పినా వినలేదు. నా వల్ల బండి బరువైందన్నారు, సిగ్గు లేదన్నారు. బావ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేను రెండు చేతులతో సీటు గొట్టాన్ని పట్టుకుని, సంచిని పొట్టకు అదుముకుని, ముందుకే చూస్తూ కూర్చున్నాను. చివరికి గంపవ్వ, "పోనియ్యుండ్రి, ఒక్క రోజన్న కూసోనియ్యుండ్రి పాపం" అని నవ్వుతూ భుజం ఆనించింది. అందరూ నవ్వారు, నెట్టారు. అలా నేను ఘాట్ ఎక్కాను. ఊరేగింపులో కూడా ఎవరూ నన్ను అంత గౌరవంగా తీసుకుపోలేదు (పెళ్లి ఊరేగింపు నాడు వాన పడింది, అది వేరే కథ).

ఉట్నూరులో జీపు ఆగింది. బావ నా వైపు తిరిగి, "దిగు బామ్మర్ది" అన్నాడు. నేను కదలలేదు. చాలా సేపటికి గానీ అర్థం కాలేదు. ఆ మాటను అప్పటిదాకా నేను జన్నారంలోనే విన్నాను. చేరాక కూడా అదే మాట అంటారని నాకు తెలియదు.

ఇంటర్వ్యూలో అందరికన్నా చివర పిలిచారు. లోపల ముగ్గురు పెద్దమనుషులు అలసిపోయి ఉన్నారు. దుమ్ము కొట్టుకున్న నా చొక్కాను చూసి ఒకాయన, "ఇప్పటిదాకా ఏం పని చేశావు?" అని అడిగాడు. "కూర్చున్నాను సార్" అన్నాను. ఆయన ముఖం చిట్లించి, "ఇది రోజంతా నిలబడే ఉద్యోగం, తెలుసా? నిలబడగలవా?" అన్నాడు. నాకు ఏమైందో తెలియదు.  "సార్, కూర్చుని కూర్చుని చచ్చిపోతున్నాను. దయచేసి నన్ను నిలబడనివ్వండి" అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉద్యోగం వచ్చింది. నిండినా నిండకపోయినా టైముకు కదిలే బండిలో, చేతిలో విజిలుతో, రిటైరయ్యేదాకా నిలబడ్డాను. మోకాళ్లు అరిగిపోయాయి. దాని గురించి నేను పెట్టుకున్న అర్జీల సంగతి ఇప్పుడు వద్దు.

మొన్న కళ్ల డాక్టరు దగ్గరికని మంచిర్యాల పోయాను. స్టేషను ముందు ఆటో ఎక్కి ముందు కూర్చున్నాను. నిండితేనే కదులుతుందట. ఇన్నేళ్లకు కూడా! గడియారం చూసుకున్నాను, తల బయటికి పెట్టి, "ఇంకెంతసేపయ్యా? టైమైతుంది!" అన్నాను. ఒకరు ఎక్కారు. ఇంకొకరు ఎక్కారు. చూస్తుండగానే నిండిపోయింది. ఆటో అతను మీటను గుంజి బండి మొదలుపెట్టాడు. ఆ చప్పుడు వినగానే నా చెయ్యి సంచి మీదికి పోయింది, కాలు కిందికి పోయింది. చూసుకునేసరికి రోడ్డు మీద నిలబడి ఉన్నాను.

"ఏందే పెద్దాయనా, రావా?" అన్నాడు ఆటో అతను.

"యాడికి?" అన్నాను.

అతను ఒక్క క్షణం చూసి, నా చోట్లో ఇంకొకరిని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. నవ్వు వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో మొదటిసారి తెలియలేదు. పక్కనే చాయ్ బండి ఉంటే నిండు కప్పు చెప్పాను. కప్పు పట్టుకుని, ఆటో పోయిన దిక్కు చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు దుమ్ములో బాపు కూడా ఇలాగే నిలబడ్డాడు. ఇప్పుడు నాది ఆయన అప్పటి వయసు కన్నా ఎక్కువ. దుమ్ము పూర్తిగా తగ్గేదాకా ఆయన అక్కడే ఉన్నాడని, చాయ్ చల్లారినా తాగలేదని పెద్దమ్మ తర్వాత ఎప్పుడో చెప్పింది.

నేను మాత్రం వేడిగానే తాగాను. చక్కెర తక్కువైంది.